గడ్డకట్టిన నీళ్ళు, పక్కింటి కోళ్ళు

పక్కింటి ఆంటీ ఒక సాయంత్రం గుడ్ల అట్ట పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి, "ఈ చలికాలం మా అమ్మాయిల్ని కాస్త చూసుకుంటారా?" అని ఇంగ్లీషులో అడిగింది. వాళ్ళకి ఉన్నది ఒక్క కొడుకే అని నాకు తెలుసు. ఏ అమ్మాయిలా అని నేను ఆలోచిస్తుండగానే మా ఆయన "నో వర్రీస్" అనేశాడు. ఆమె అట్ట నా చేతిలో పెట్టి, మా ఆయన భుజం తట్టి వెళ్ళిపోయింది. తలుపు వేశాక ఆయన నావైపు తిరిగి, "ఇంతకీ ఎవరా అమ్మాయిలు?" అన్నాడు.

"కోళ్ళు" అన్నాను, గుడ్లు చూపించి.

క్యాన్‌బెర్రా శివారు హారిసన్‌లో మేం ఇల్లు కొనుక్కున్నప్పటినుంచీ ఆ దంపతులు మా పక్కనే ఉన్నారు. ఇద్దరూ రిటైరయినవాళ్ళు. ఆయన పలకరిస్తే తలూపుతాడు. ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడుతుంది. క్యాన్‌బెర్రా చలి వాళ్ళ మోకాళ్ళకి పడదు. అందుకని ఏటా జూన్ రాగానే కారు వెనక కారవాన్ అనే చక్రాల ఇల్లు తగిలించుకుని, ఉత్తరాన వెచ్చగా ఉండే క్వీన్స్‌లాండ్ వెళ్ళిపోతారు. అక్కడ సముద్రం ఒడ్డున కూర్చుని, ఇక్కడ చలి తగ్గాక తిరిగొస్తారు. వాళ్ళు లేనప్పుడు కోళ్ళని కొడుకు వచ్చి చూసుకునేవాడు. ఆ ఏడాది అతనికి పెర్త్‌లో ఉద్యోగం వచ్చింది. అలా ఆ నాలుగు కోళ్ళూ మా పాలిట పడ్డాయి.

అప్పటికి మా అమ్మ మా ఇంట్లోనే ఉంది. ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా రిటైరయిన మనిషి. మే నెల కాకినాడ ఎండలు తట్టుకోలేనని విమానం ఎక్కింది. ఎక్కేముందు ఇక్కడ చలికాలం అని నేను చెబుతూనే ఉన్నాను. "చలి అంటే ఎంతుంటుందే, ఓ స్వెట్టరు తెచ్చుకుంటాలే" అంది. దిగిన మర్నాటినుంచి రెండు స్వెట్టర్లు, శాలువా, మా ఆయన మేజోళ్ళు, చెవులమీదుగా స్కార్ఫు వేసుకుని హీటరు గాలి వచ్చే చోట కుర్చీ వేసుకుని కూర్చునేది. మేమిద్దరం ఆఫీసుకీ, పాప స్కూలుకీ వెళ్ళిపోతే ఆమెకి ఏమీ తోచేది కాదు. కోళ్ళ సంగతి చెబితే పెదవి విరిచింది.

"నాకేం తెలుసే కోళ్ళ గురించి? పుట్టి బుద్ధెరిగాక క్వార్టర్సులో ఉన్నదాన్ని. కూరొండడం వచ్చు, అంతే."

"అమ్మమ్మా! డోంట్ సే దట్!" అని పాప చెవులు మూసుకుంది.

వాళ్ళు వెళ్ళేముందు ఆంటీ నన్ను వాళ్ళ పెరట్లోకి తీసుకెళ్ళి అన్నీ చూపించింది. ఒక మూల చెక్కతో చేసిన గూడు, దాని చుట్టూ జాలీ కట్టిన చిన్న ఆవరణ. లోపల పడుకోవడానికి అడ్డకర్ర, కింద ఎండుగడ్డి. నక్కలు తిరుగుతాయి కాబట్టి చీకటి పడేసరికి తలుపు గడియ పెట్టాలి. మేత పొద్దున్నే వెయ్యాలి. "నీళ్ళ సంగతి మాత్రం కొంచెం కనిపెట్టుకుని ఉండు" అంది. నీళ్ళకేముంది, కుళాయి తిప్పితే వస్తాయి కదా అనుకుని తలూపాను.

మొదటి వారం బాగానే గడిచింది. ఆకాశంలో మబ్బులు ఉన్నాయి. రాత్రిళ్ళు చలి ముదరకుండా ఆ మబ్బులే మమ్మల్ని కాపాడాయని తర్వాత తెలిసింది. ఒకరోజు ఆకాశం నిర్మలంగా అయింది. ఆ మర్నాడు పొద్దున తలుపు తీస్తే పచ్చిక మీద పంచదార చల్లినట్టు తెల్లగా ఉంది. అడుగు వేస్తే కరకరమని చప్పుడు. మా ఆయన కారు అద్దం మీద పేరుకున్న మంచుని పాత ప్లాస్టిక్ కార్డుతో గీక్కుంటున్నాడు. నేను మేత డబ్బా పట్టుకుని పక్కింట్లోకి వెళ్ళాను.

నాలుగు కోళ్ళూ నీళ్ళ డబ్బా చుట్టూ నిలబడి ఉన్నాయి. అది గుండ్రంగా, చుట్టూ పళ్ళెంలాంటి అంచు ఉన్న ప్లాస్టిక్ డబ్బా. నల్లకోడి ముక్కుతో టక్కుమని పొడిచి, తల పక్కకి తిప్పి చూసింది. మళ్ళీ పొడిచింది. టక్. మిగతా మూడూ నావైపు చూశాయి. నీళ్ళన్నీ రాయిలా గడ్డకట్టాయి. కుళాయి తిప్పాను, చుక్క రాలేదు. పచ్చిక మీదున్న రబ్బరు గొట్టం కర్రలా బిగుసుకుపోయి ఉంది.

నా కేక విని మా ఆయన వచ్చాడు. సాఫ్ట్‌వేర్ మనిషి. ఏ సమస్యనైనా వెంటనే పరిష్కరించేద్దామనే తొందర. గరాజులోంచి సుత్తి తెచ్చి, "చిన్న దెబ్బ చాలు" అని ఒక్కటి వేశాడు. మంచుకి ఏమీ కాలేదు. డబ్బా రెండు ముక్కలైంది. డబ్బా ఆకారంలోనే ఉన్న మంచుగడ్డ మాత్రం దొర్లుకుంటూ పోయి కంచెకి తగిలి ఆగింది. కోళ్ళు దాని వెనకాలే వెళ్ళి మళ్ళీ చుట్టూ నిలబడ్డాయి.

"ఆఫీసు టైమైంది" అని ఆయన మెల్లగా జారుకున్నాడు.

నేను వంటింట్లోంచి స్టీలు గిన్నెతో నీళ్ళు తెచ్చి పెట్టాను. కోళ్ళు ఎగబడి తాగాయి. ఒక్కొక్క గుక్కకీ తల ఆకాశానికి ఎత్తి, కళ్ళు సగం మూసి మింగుతుంటే, రాత్రంతా ఎంత దాహంతో ఉన్నాయో అనిపించి నాకు చాలా బాధ వేసింది. కానీ నేను పనిచేసే స్కూలు ఆఫీసుకి బయల్దేరే వేళకి ఆ గిన్నె మీద కూడా అద్దంలా పొర కట్టేసింది.

ఆ మర్నాడు కెటిల్‌లో మరిగించిన నీళ్ళు పట్టుకెళ్ళాను. పొగలు చూసి నాలుగూ గూట్లోకి పరిగెత్తాయి. చల్లారేదాకా నేను ఆ చలిలో ఊదుతూ కూర్చోవలసి వచ్చింది. ఆ తర్వాతి రోజు అమ్మ, "ఉప్పు వేస్తే గడ్డకట్టదు కదే" అంది. కోళ్ళకి ఉప్పునీళ్ళు మంచివి కావని చదివాను, వద్దన్నాను. రాత్రి గిన్నెకి దుప్పటి చుట్టి పెట్టాం. పొద్దున్నకి దుప్పటి కూడా గిన్నెకి అతుక్కుని గట్టిపడిపోయింది.

ఇక లాభం లేదని క్వీన్స్‌లాండ్‌కి ఫోన్ చేశాను. వీడియోలో ఆంటీ పొట్టిచేతుల చొక్కా, టోపీ. వెనక నీలంగా సముద్రం. నేను ముక్కు ఎగబీలుస్తూ కథంతా చెప్పాను, డబ్బా పగిలిన విషయంతో సహా. ఆమె ఎంత నవ్విందంటే పక్కన పేపరు చదువుకుంటున్న అంకుల్ కూడా తలెత్తి చూశాడు.

"రాత్రిపూట నీళ్ళెందుకమ్మా బయట పెట్టడం?" అంది. "చీకటి పడ్డాక కోళ్ళు తాగవు. నిద్రపోతాయి. సాయంత్రం గిన్నె ఖాళీ చేసి ఇంట్లో పెట్టుకో. పొద్దున్న గోరువెచ్చటి నీళ్ళతో తీసుకెళ్ళు. అంతే."

మేమింతమందిమి ఇన్ని తంటాలు పడుతూ, కోడి రాత్రిపూట నిద్రపోతుందన్న మాట ఒక్కరికీ తట్టలేదు. ఫోన్ పెట్టేశాక అమ్మ, నేను ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం.

ఆ శనివారం రైతుల సామాన్లమ్మే కొట్టుకి వెళ్ళి రెండు నల్ల రబ్బరు తొట్లు కొన్నాం. రబ్బరు కాబట్టి లోపల గడ్డకట్టినా వంచితే మంచు ఊడి కిందపడుతుంది, సుత్తితో పనిలేదు. నలుపు కాబట్టి ఎండకి త్వరగా వేడెక్కుతుంది. ఒకటి కోళ్ళ దగ్గర, ఒకటి మా ఇంట్లో బట్టలుతికే లాండ్రీ గదిలో. గాలి తగలకుండా, పొద్దుటి ఎండ ముందుగా పడే గోడవార తొట్టి పెట్టాలని అమ్మే కనిపెట్టింది. నిజానికి అప్పటికే ఆ పని మొత్తం అమ్మ చేతుల్లోకి వెళ్ళిపోయింది. మేం లేచేసరికి శాలువా మీద మా ఆయన రెయిన్‌కోటు, కాళ్ళకి నా గమ్ బూట్లు వేసుకుని సిద్ధంగా ఉండేది. మోచేతితో నీళ్ళు ముట్టుకుని చూసేది, పసిపిల్లకి స్నానం చేయించేముందు చూసినట్టు.

"అత్తయ్యగారూ, చలి కదా, నేను తీసుకెళ్తాను" అని మా ఆయన అనేవాడు.

"వద్దు బాబూ, మీరు మళ్ళీ ఏదైనా పగలగొడతారు" అనేది.

వారానికోసారి ఆంటీ వీడియో కాల్ చేసేది. అమ్మకి ఆంటీ యాస అర్థమయ్యేది కాదు. ఆంటీకి అమ్మ మాట అంతకంటే అర్థమయ్యేది కాదు. కానీ ముప్పై ఏళ్ళు డాక్టర్లకి రౌండ్స్‌లో చెప్పిన ఇంగ్లీషు అమ్మ దగ్గర ఉంది కదా. ఫోన్ ముందు నిటారుగా నిలబడి, "ఆల్ ఫోర్ స్టేబుల్. వాటర్ ఇంటేక్ గుడ్. టేకింగ్ ఫీడ్స్. మోషన్ నార్మల్" అని చెప్పేది. ఆంటీ "వండర్‌ఫుల్, సిస్టర్!" అని సెల్యూట్ కొట్టేది. సిస్టర్ అని పిలిపించుకుని ఎన్నాళ్ళయిందో, ఆ రోజంతా అమ్మ మొహం వెలిగిపోయేది.

జులైలో చలి ఇంకా ముదిరింది. ఎర్రకోడి తలమీది తురాయి కొస నల్లబడుతున్నట్టు అమ్మకి కనిపించింది. చలికి అలా అవుతుందని ఆంటీ చెప్పింది. దానికి వాజిలీన్ రాయడం ఒక ఆదివారం కార్యక్రమం. మా ఆయన కోళ్ళని తరమాలి, పాప దారి కాయాలి, నేను పట్టుకోవాలి, అమ్మ రాయాలి. ఎర్రకోడి మా ఆయన కాళ్ళ సందులోంచి దూరి పారిపోయింది. ఆయన దానికోసం వంగి, పట్టు తప్పి ఎండుగడ్డి మూట మీద కూలబడ్డాడు. చివరికి పాపే మేత అరచేతిలో పెట్టుకుని కూర్చుంటే అది తనంతట తానే వచ్చి ఒళ్ళో ఎక్కింది.

"యూ జస్ట్ హావ్ టు బి నైస్, డాడీ" అంది పాప.

అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత మాకు అతి శ్రద్ధ పట్టుకుంది. గూటి పైభాగాన గాలి కోసం వదిలిన సందులుంటే, వాటిలోంచి చలిగాలి వస్తోందని అమ్మ బాధపడింది. మా ఆయన డబ్బా పగలగొట్టిన పేరు పోగొట్టుకోవాలని ఉన్నాడు. ఒక మధ్యాహ్నం కూర్చుని టార్పాలిన్‌తో, పాత రగ్గులతో, వెడల్పాటి టేపుతో గూడు మొత్తం పార్సిల్ కట్టినట్టు కట్టేశాడు. ఒక్క సందు మిగల్లేదు. అమ్మ చుట్టూ తిరిగి చూసి, "ఇప్పుడు హాయిగా పడుకుంటాయి" అంది. నాకూ తృప్తిగానే అనిపించింది.

రెండు మూడు రోజులకి తెల్లకోడి తుమ్మడం మొదలుపెట్టింది. కోడి తుమ్ముతుందని అంతకుముందు నాకు తెలీదు. చిన్నగా "ఛిక్" మంటుంది, తల విదిలిస్తుంది. ఒక మూల ఈకలన్నీ ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. మేతకి రాలేదు. అమ్మ నీళ్ళ తొట్టి కింద పెట్టేసి, తల గూట్లోకి దూర్చి చూసింది. చెయ్యి పైకప్పు కింద రాసి బయటికి తీసింది. అరచెయ్యంతా తడి.

నేను కూడా చూశాను. లోపల గోడలన్నీ చెమట పట్టినట్టున్నాయి. ఎండుగడ్డి తడిసి వాసన వేస్తోంది. నాలుగు కోళ్ళ ఊపిరి, వాటి రెట్టల తేమ ఎటూ పోయే దారిలేక లోపలే నిలిచిపోయింది.

అమ్మ తడి చెయ్యి శాలువాకి తుడుచుకుంది. తర్వాత తలకొట్టుకుంటూ నవ్వింది. "వార్డులో కిటికీలు తెరవండి, తెరవండి అని ఆయాల మీద అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకున్నదాన్ని. ఇక్కడికొచ్చి కోళ్ళకి ఊపిరాడకుండా చేశాను చూడు. విప్పమ్మా, అదంతా విప్పు ముందు."

టేపు ఊడదీసేసరికి నా గోళ్ళు అరిగిపోయాయి. వెటర్నరీ క్లినిక్‌కి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి అదే మాట చెప్పింది. పైన గాలి ఆడాలి, పడుకునే చోట నేరుగా గాలి కొట్టకూడదు, కింద గడ్డి ఎప్పుడూ పొడిగా ఉండాలి. పొడిగా ఉంటే వాటి ఈకలే వాటికి రజాయి. తుమ్ముతున్నదాన్ని మిగతావాటినుంచి వేరుగా ఉంచి, రెండు రోజులు చూసి, తగ్గకపోతే తీసుకురమ్మంది.

అలా తెల్లకోడి మా లాండ్రీలో చేరింది. పెద్ద అట్టపెట్టెలో పొడి గడ్డి, పక్కన నీళ్ళగిన్నె, నానబెట్టిన మేత. అమ్మ ఆ గదికి ఐసోలేషన్ వార్డని పేరు పెట్టింది. లోపలికెళ్ళినవాళ్ళు చేతులు కడుక్కోకుండా బయటికి రాకూడదు. వాషింగ్ మెషీన్ వేస్తే పేషెంటు బెదురుతుందని మా బట్టలన్నీ కుప్పగా పడి ఉన్నాయి. మా ఆయన ఇస్త్రీ లేని చొక్కాతో మీటింగుకి వెళ్ళాడు.

మరీ వేడిగా ఉంటే మళ్ళీ బయటి చలికి తట్టుకోలేదని ఆ గదిలో హీటరు ఆపేశాం. రెండో రోజుకి తుమ్ములు తగ్గాయి. మూడో రోజుకి పెట్టెలోంచి దూకి, మెషీన్ మీదెక్కి కూర్చుంది. ఇక పంపించెయ్యచ్చు కదా అంటే, "అబ్జర్వేషన్‌లో ఇంకో రోజు ఉండనీ" అంది అమ్మ.

ఆ ఇంకో రోజు మా ఇంట్లో ప్రార్థన కూడిక. మా ప్రాంతం గంగాలిన్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు నెలకోసారి వంతులవారీగా ఒక్కొక్క ఇంట్లో కలుస్తాం. మా వంతు ఎప్పుడో నిర్ణయమైపోయింది. పొద్దుటినుంచీ నేను వంటింట్లో ఉన్నాను. అందరూ అడిగేది నా చికెన్ బిర్యానీయే కాబట్టి అదే చేశాను. ఒక తలుపు అవతల కోడికి అమ్మ సేవ చేస్తోంది, ఇవతల కోడికి నేను మసాలా పట్టిస్తున్నాను. పాప లాండ్రీ తలుపు కింద సందులో తువ్వాలు కుక్కింది.

"ఎందుకే?" అన్నాను.

"స్మెల్ తనకి వెళ్ళకూడదు. ఇట్స్ రూడ్" అంది.

మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. చలికోట్లన్నీ మా మంచం మీద కొండలా పేరుకున్నాయి. పాటలయ్యాయి, వాక్యమయింది. కూడిక నడిపే పెద్ద అంకుల్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఈ నెలలో ప్రభువు చేసిన మేలు గురించి ఎవరైనా సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారా?" అని అడిగారు. మామూలుగానే అందరం తలలు వంచుకుని పక్కవాళ్ళు చెబుతారేమో అని చూస్తున్నాం.

అప్పుడు లాండ్రీలోంచి వినిపించింది. "క్కొ... క్కొ... క్కొ... క్కొక్కొక్కోక్!"

ఒకసారి కాదు. ఊరంతా వినాలన్నట్టు గొంతెత్తి, ఆపకుండా.

అందరి తలలూ లేచాయి. నా మొహం వేడెక్కిపోయింది. అంకుల్ కళ్ళద్దాలు పెట్టుకుని, ఏమాత్రం నవ్వకుండా, "ఎవరమ్మా అది? లోపలినుంచి చెప్పడమెందుకు, బయటికొచ్చి చెప్పమనండి" అన్నారు.

ముందు ఆయన భార్యే నవ్వింది. ఆ తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు. అమ్మ మాత్రం నవ్వలేదు. గబగబా లేచి లాండ్రీలోకి వెళ్ళి, క్షణంలో గుడ్డు పట్టుకుని వచ్చింది. మా ఆయన ఉతకని చొక్కాల కుప్ప మధ్యలో గూడు చేసుకుని పెట్టిందట. ఇంకా వెచ్చగా ఉంది.

"చలిలో జబ్బుచేసి మా దగ్గరికొచ్చిన కోడండీ అంకుల్" అంటూ అమ్మ మొదలుపెట్టింది. అంకుల్ ఆమె కంటే చిన్నవాడే, కానీ అందరూ అంకుల్ అంటారని అమ్మా అలాగే అనేది. గడ్డకట్టిన నీళ్ళు, పగిలిన డబ్బా, తడిసిన గూడు అన్నీ చెప్పింది. "మంచి చేద్దామనుకుని జబ్బు తెచ్చాం. దేవుడు దయగలవాడు, తప్పు దిద్దుకోడానికి టైమిచ్చాడు" అని ముగించింది. ఎవరో "ఆమెన్" అన్నారు. మా ఇంట్లో అంత మంచి సాక్ష్యం అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

భోజనాల దగ్గర చిన్న ఇబ్బంది వచ్చింది. పిల్లలంతా కోడిని చూసొచ్చి బిర్యానీ వైపు అనుమానంగా చూశారు. పెద్దవాళ్ళు కూడా ఒక్క క్షణం గరిటె పట్టుకుని ఆగారు. "ఇది వేరే కోడండీ, కొట్లోది" అని మా ఆయన సంజాయిషీ ఇచ్చాడు. దాంతో వడ్డన మొదలైంది, గిన్నె అడుగు కనిపించేదాకా ఆగలేదు. పాప మాత్రం పెరుగన్నం తిన్నది.

సాయంత్రం ఎండ ఉండగానే తెల్లకోడిని తీసుకెళ్ళి మిగతావాటి దగ్గర వదిలాం. నల్లకోడి దాన్ని ఒకసారి పొడిచి చూసి, పక్కకి జరిగి చోటిచ్చింది.

ఆ తర్వాత ఆగస్టు అంతా తెల్లగా మంచు పడుతూనే ఉంది. మాకు మాత్రం అలవాటైపోయింది. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళు, మధ్యాహ్నం అమ్మ ఒకసారి మార్చే నీళ్ళు, సాయంత్రం ఖాళీ తొట్టి లాండ్రీలోకి. వారానికోసారి పొడి గడ్డి. బయటి పనికి అలవాటుపడ్డాక అమ్మ హీటరు ముందు కుర్చీలో కూర్చోవడం మానేసింది. తలకి స్కార్ఫు లేకుండానే వీధి చివరిదాకా నడిచొచ్చేది. దారిలో కుక్కల్ని తిప్పేవాళ్ళందరికీ "గుడ్ మార్నింగ్" చెప్పేది.

చలి తగ్గి, వాటిల్ చెట్లు పసుపుపచ్చగా పూసిన రోజుల్లో కారవాన్ తిరిగొచ్చింది. ఆంటీ ఎండకి ఎర్రబడిన మొహంతో, చేతిలో రెండు అనాసపళ్ళతో సరాసరి పెరట్లోకి వచ్చింది. కోళ్ళని ఒక్కొక్కదాన్నీ చంకలో పెట్టుకుని బరువు చూసింది. "వీటిని గారాబం చేసి పాడుచేశారు, రాణుల్లా తయారయ్యాయి" అంది. అమ్మ నిటారుగా నిలబడి, "ఆల్ పేషెంట్స్ ఫిట్ ఫర్ డిశ్చార్జ్" అని చెప్పి, పెరటి గేటు తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. పెట్టాక మాత్రం ఆ చెయ్యి వదల్లేదు. ఆంటీ కూడా వదిలించుకోలేదు.

నేను టీ పెట్టడానికి ఇంట్లోకి వెళ్ళి, కాసేపయ్యాక పిలవడానికి వచ్చాను. ఇద్దరూ రెండు బకెట్లు బోర్లించుకుని ఎండలో కూర్చున్నారు. ముందర కోళ్ళు మట్టిలో గుంటలు చేసుకుని, రెక్కలు చాపి ధూళిస్నానం చేస్తున్నాయి. ఆంటీ క్వీన్స్‌లాండ్ గురించి ఇంగ్లీషులో చెబుతోంది. అమ్మ తెల్లకోడి గుడ్డు కథ తెలుగులో చెబుతోంది. సరిగ్గా నవ్వాల్సిన చోట ఇద్దరూ నవ్వుతున్నారు.

"టీ రెడీ, లోపలికి రండి" అన్నాను రెండు భాషల్లోనూ.

ఎవరూ కదల్లేదు. నేనే వెళ్ళి కప్పులు అక్కడికే పట్టుకొచ్చాను.